నల్లరేగడి సీటీ చిత్రాల్లో నీరు ఎందుకు కనిపించడం లేదు?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
చెల్క నేల, నల్లరేగడి నమూనాలను 5 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టాలలో మెల్లగా ఆరబెడుతూ, దశలవారీగా ఎక్స్-రే సూక్ష్మ సీటీలో (నమూనా లోపలి భాగాన్ని త్రిమితీయంగా చూపే స్కాన్) చిత్రీకరిస్తున్నాను. వోక్సెల్ (త్రిమితీయ చిత్రంలోని అతి చిన్న ఘనపు గడి) పరిమాణం 30 మైక్రాన్లు. చెల్కలో ఇసుక రేణువుల నడుమ నీరు, గాలి కొంతవరకు విడిగా కనిపిస్తున్నాయి. నల్లరేగడిలో మాత్రం పగుళ్లు తప్ప మిగిలినదంతా ఒకే బూడిద రంగులో ఉంది. తూకంలో తేమ తగ్గుతున్నట్లు తెలుస్తున్నా, ఆ మార్పు చిత్రంలో ఎందుకు కనిపించడం లేదో దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
అమ్మా, 300ను రంధ్రపు వ్యాసంతో (మైక్రాన్లలో) భాగిస్తే, ఆ రంధ్రం నుండి నీటిని లాగడానికి కావలసిన చూషణ (పీల్చే ఒత్తిడి) సుమారుగా కిలోపాస్కళ్లలో వస్తుంది. ఆ లెక్కన 30 మైక్రాన్ల రంధ్రం 10 కిలోపాస్కళ్లకే ఖాళీ అవుతుంది. మొక్కలు శాశ్వతంగా వడలిపోయే 1500 కిలోపాస్కళ్ల వద్ద మిగిలిన నీరు 0.2 మైక్రాన్లకన్నా సన్నని రంధ్రాలలో ఉంటుంది. నల్లరేగడిలోని నీటిలో ఎక్కువ భాగం అటువంటి చోటనే ఉండడం వల్ల, మీ ఒక్కో వోక్సెల్‌లో బంకమన్ను, నీరు, గాలి కలిసిపోయి వాటి సగటు మాత్రమే నమోదవుతుంది.

ఆ సగటు కూడా విలువైనదే. అయితే తడి చిత్రం నుండి పొడి చిత్రాన్ని నేరుగా తీసివేయకండి. ఈ నేల ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కనుక, నీరు పోవడం వల్ల తగ్గవలసిన ఎక్స్-రే శోషణను, దగ్గరకు చేరిన మట్టి తిరిగి పెంచుతుంది. మీకు మార్పు కనిపించకపోవడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం. ముందుగా రెండు చిత్రాలలోని గుర్తింపదగిన రేణువులను జతచేసి స్థానభ్రంశాన్ని సరిచేయండి.

రెండవ సమాధానం:
చెల్క నమూనాలో నీటికి పొటాషియం అయోడైడ్ కలిపితే నీరు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నల్లరేగడికి మాత్రం వద్దు. పొటాషియం బంకమన్ను ఉబ్బే గుణాన్నే మార్చివేస్తుంది. చెల్క విషయానికి వస్తే, అయోడిన్ ఎక్స్-రే శోషణ 33.17 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వద్ద ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, ఇందోర్‌లోని ఇండస్-2 వంటి సింక్రోట్రాన్‌లో (కోరిన శక్తి గల ఎక్స్-రేలను ఇచ్చే యంత్రం) ఆ శక్తికి కొంచెం కింద, కొంచెం పైన తీసిన చిత్రాల తేడా నుండి నీటిని వేరుచేయవచ్చు. మామూలు స్కానర్‌లోనైతే తక్కువ శక్తి గల ఎక్స్-రేలను ఆపే వడపోతగా రాగి రేకును వాడి, ప్రతి స్కాన్‌లోనూ పక్కనే నీటి గొట్టాన్ని ప్రమాణంగా ఉంచండి. స్కాన్ జరిగే గంటలలో నమూనా ఆరకుండా రెండు కొనలూ మూయడం మరవకండి.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను కొనలు మూయలేదు. వోక్సెల్ ఇంకా చిన్నదయ్యేలా 5 మిల్లీమీటర్ల చిన్న నమూనాతో, కొనలు మూసి, మళ్లీ మొదలుపెడతాను. పగుళ్ల అమరిక కోసం పెద్ద గొట్టాన్ని విడిగా కొనసాగిస్తాను.