తీరం పేటలను లోపలికి తరలించాలా? శ్రీకాకుళం, విజయనగరం సభ్యులు చెప్పండి

జాగ్రఫీ మాస్టారు
సూటిగా అడుగుతున్నాను. సోంపేట నుంచి పూసపాటిరేగ దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకార పేటలను, తుపాను లేని రోజుల్లోనే, తీరిగ్గా లోపలికి తరలించడం మంచిదా కాదా? మంచిదే అన్నది నా మాట. ప్రపంచ సముద్రమట్టం 2006-2018 మధ్య ఏడాదికి సుమారు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక చెప్పింది. మిల్లీమీటర్లేగా అని నవ్వకండి. నిలువునా పెరిగేది అంతే, కానీ ఇసుక తీరం వాలు తక్కువ కాబట్టి అడ్డంగా పోయేది మీటర్లలో ఉంటుంది. ఒడిశాలో కేంద్రపడా జిల్లా సాతభాయా సంగతి తెలుసుగా. సముద్రం ఒక్కో ఊరే మింగుతూ వస్తే, చివరికి 571 కుటుంబాలను బాగపతియాకి తరలించారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి తీరం కోత బాధితుల పునరావాసం కోసమే 1,000 కోట్లు కేటాయించింది. మన జిల్లాల నుంచి ఆ డబ్బు సంగతి ఎవరైనా ఎత్తగా విన్నారా?

మొన్న సంతబొమ్మాళి వైపు వెళ్లినప్పుడు ఒక పేటలో పాత మంచినీళ్ల బావి చూశాను. చుట్టూ ఇసుక కొట్టుకుపోయి సిమెంటు ఒరలు మనిషెత్తున బయటికి తేలాయి. పోటు వస్తే కెరటం ఒరకి తగులుతోంది. ఒకప్పుడు నేలలో ఉన్న బావి అది.

పైడితల్లి జాతర
మా విజయనగరానికి ఉన్నదే రెండు మండలాల సముద్రం మాస్టారూ, భోగాపురం, పూసపాటిరేగ. దాన్నీ ఖాళీ చేయించేస్తారా?

వలకాడు
ఆ బావి మా పేటదే. మీరు ఒక పూట చూశారు, మేం పుట్టినకాడి నుంచీ చూస్తున్నాం. వానాకాలం కెరటం ఇసుక లాక్కుపోతుంది, చలికాలం దాటాక కొంత తెచ్చి పోస్తుంది. ఇదివరకు పోయినదాంట్లో చాలామట్టుకు తిరిగి వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. సముద్రం లేచినందుకు కాదు, ఇసుక ఆగినందుకు. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా నడిచేది దక్షిణం నుంచి ఉత్తరానికి. దారిలో ఎక్కడ రాళ్ల గోడ సముద్రంలోకి కట్టినా దక్షిణం పక్క మేట వేస్తుంది, ఉత్తరం పక్క కోసుకుపోతుంది. విశాఖ పోర్టులో తవ్విన ఇసుకని బీచ్ వైపు పోస్తున్నది ఇందుకే. పైగా వంశధార మీద గొట్టా, నాగావళి మీద తోటపల్లి బ్యారేజీలు. నదులు తెచ్చే ఇసుకలో కొంత అక్కడే ఆగిపోతుంది, మిగిలింది లారీలెక్కుతోంది. ఇదంతా వదిలేసి కార్బన్ వల్ల సముద్రం లేచిందంటే ఎలా?

చెన్నై సిక్కోలు
అసలు మనం విడిచే కార్బన్ ఎంతని? సగటున అమెరికా మనిషి విడిచేదాంట్లో ఏడో వంతు. వాడి కారు పొగకి మన పేట ఎందుకు కదలాలి?

జాగ్రఫీ మాస్టారు
వలకాడు గారూ, నదీ ఇసుక మాట నిజమే, నేనూ పాఠాల్లో చెప్పినదే. అయితే రెండూ కలిసే పని చేస్తాయి. ఇసుక తగ్గిన తీరం మీద సముద్రమట్టం పెరిగితే కోత ఇంకా వేగంగా సాగుతుంది. కారణం ఏదైతేనేం, ఆ బావి నీళ్లలో ఉందా లేదా? దానికి అవునో కాదో చెప్పండి.

జీడితోట
ఆ బావి ఎప్పుడు తవ్వారు? మొదట్నుంచీ ఒడ్డుకి దగ్గరే తవ్వి ఉంటే దాన్ని సాక్ష్యంగా చూపిస్తే ఎలా?

వలకాడు
మా తాత కాలంలో. బావికీ నీళ్లకీ మధ్య రెండు వరసల తాటిచెట్లు, వలలు ఆరేసే జాగా ఉండేవి. ఒడ్డుకి దగ్గరగా తవ్వితే ఉప్పునీళ్లు పడతాయని మాకు తెలీదనుకున్నారా?

జాగ్రఫీ మాస్టారు
చూశారా, అదే నేనన్నది. రెండు వరసల తాటిచెట్లు పోయాయంటే సముద్రం ముందుకొచ్చినట్టే.

వలకాడు
మాస్టారూ, మీ లెక్క ప్రకారం 30 ఏళ్లకి పెరిగింది 11 సెంటీమీటర్లు. తాటిచెట్లు పడింది ఒకటి రెండు వర్షాకాలాల్లో. బావిని వదిలేయండి ఇంక.

పైడితల్లి జాతర
బావి మీద ఇంకో రెండు పేజీలు నడుస్తుంది, నేను భోంచేసి వస్తా.

వలకాడు
అసలు విషయానికి వద్దాం. తుపానుకి ఊరు జరపాల్సిన పనే లేదు, ఆ ఒక్క రాత్రి మనిషి జరిగితే చాలు. 1999లో ఒడిశా తుపానుకి పది వేల మంది దాకా పోయారు. 2013లో ఫైలిన్ అదే తీరాన్ని కొట్టింది, ముందే జనాన్ని ఖాళీ చేయించారు, పోయినవాళ్లు పదుల్లోనే. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి కదా. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140-150 కిలోమీటర్ల గాలి. మా పేటలో ఇళ్ల కప్పులు లేచిపోయాయి, మనుషులం షెల్టరులో ఉన్నాం. తెల్లారాక వచ్చి పడవలు వెతుక్కున్నాం.

ఇంక లోపలికి తరలడం అంటే ఏంటో చెప్తాను. మా పెద్దమ్మ వాళ్ల ఊరు ఒక ప్రాజెక్టు కింద పోయింది. ఇచ్చిన కాలనీ సముద్రానికి నాలుగు కిలోమీటర్లు. మన దగ్గర జెట్టీలు ఎక్కడున్నాయి, ఇసుక మీదికే కదా పడవ లాగాలి. రాత్రి పడవ కాపలాకి ఒకడు ఒడ్డునే పడుకోవాలి. ఇంజను, వల ఆటోలో మోసుకెళ్లాలి. అలివి వల, అదే ఒడ్డు నుంచి లాగే పెద్ద వల, లాగాలంటే ఇరవై మంది కావాలి, కేకేస్తే వచ్చే దూరంలో ఉండాలి. పెద్దమ్మ పొద్దున్నే ఒడ్డున వేలం పాట పాడి చేప కొని సంతకి తీసుకెళ్లేది. ఇప్పుడు ఆవిడ ఒడ్డుకి చేరేసరికి సరుకు అయిపోతుంది. ఇద్దరు కొడుకులూ వేటకి గుజరాత్‌లో వేరావల్ వెళ్లిపోయారు. కొత్త ఇల్లు పక్కాదే, కాదనను. దానికి తాళం వేసి ఉంది.

చెన్నై సిక్కోలు
మా వీధిలోనూ సగం తాళాలే.

జాగ్రఫీ మాస్టారు
తుపాను వేరు, కోత వేరు. తుపాను వచ్చి పోతుంది, కోత తీసుకున్న నేల తిరిగి ఇవ్వదు. దేశం మొత్తం మీద 1990-2016 మధ్య తీరంలో మూడో వంతు కోతకు గురైందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రమే తేల్చింది. పెద్దమ్మ గారి కష్టం అర్థమైంది, కానీ అది తరలించిన తీరులో లోపం, తరలింపులో లోపం కాదు. మూడు నాలుగు వందల మీటర్లు వెనక్కి వేస్తే వేటా పోదు.

వలకాడు
మూడు నాలుగు వందల మీటర్ల వెనక ఏముందో మీరే చెప్పండి, జాగ్రఫీ మీది కదా. ఇసుక దిబ్బ, దిబ్బ వెనక పల్లం. సోంపేట బీలలు, ఆ చిత్తడి నేలలు చూశారుగా? మా వెనకా అలాంటిదే, వాన పడితే మోకాలి లోతు. ఇప్పుడు మా ఇళ్లున్న దిబ్బే ఎత్తు. దిబ్బ దింపి పల్లంలో కూర్చోబెడితే సముద్రం బదులు గెడ్డ, అదే వాగు, ముంచుతుంది. తిత్లీకి ఒడిశా కొండల్లో కురిసిన వాన వంశధారలో పడి ఎన్ని ఊళ్లు మునిగాయో మరిచిపోయారా?

జాగ్రఫీ మాస్టారు
పల్లంలో వేయమని ఎవరన్నారు? పల్లం దాటితే మెరక ఉంది. ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు. సైకిలు దూరం.

జీడితోట
ఆ మెరక మీద ఉన్నది మేం. ఇందాకటి నుంచీ చూస్తున్నా, ఎక్కడికి తరలిస్తారో ఎవరూ అనడం లేదు. మా ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో ఖాళీ జాగా ఎక్కడుంది మాస్టారూ? తిత్లీకి నా కొబ్బరి మొత్తం పోయింది. వేళ్లతో సహా లేచిపోయిన చెట్లు కోయించడానికే అప్పు చేశాను. నష్టపరిహారం జాబితాలో నా పేరు పక్క ఊరి సర్వే నంబరుకి పడింది, అది సరిచేయించుకునేసరికి తిరిగి తిరిగి చెప్పులరిగాయి. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. ఇప్పుడిప్పుడే నాలుగు కాయలు చూస్తుంటే కాలనీకి ఇవ్వాలా? పైగా తోట పక్కనే ఎండు చేపల

[ఈ వాక్యంలో మిగతా భాగం తొలగించాం. నిర్వాహకుడు]

వలకాడు
తొలగించక ముందే చదివాను. బాగుంది బావూ. సంతలో మా చేప కొనేటప్పుడు రాని కంపు తోట పక్కకి వస్తే వస్తుందా?

పైడితల్లి జాతర
ఒరే, భోజనానికి వెళ్లొచ్చేసరికి ఇంత జరిగిందా.

జీడితోట
ఆ మాట అనకుండా ఉండాల్సింది, వదిలేయండి. కానీ నాకున్నది ఎకరంన్నర. తీరం కాపాడాలంటే ఎప్పుడూ మా భూమే ఎందుకు కనబడుతుంది? ప్రభుత్వ భూమి చూపించమనండి.

వలకాడు
నీ భూమి నేను అడగలేదే! నాకు కావాల్సింది నేనున్న దిబ్బే. చెప్పేస్తాను అసలు భయం. మా ఇళ్లకి కాగితం లేదు. ఇవాళ వాతావరణ మార్పు పేరుతో ఖాళీ చేస్తే రేపు ఆ ఒడ్డు మాదని ఎవడికి చూపించాలి? 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ చదవండి. అభివృద్ధి నిషేధ ప్రాంతంలోనూ పోటు హద్దుకి 10 మీటర్లు వదిలి తాత్కాలిక టూరిజం కట్టడాలకి అవకాశం ఇచ్చారు. నా ఇంటికి ప్రమాదమైన ఇసుక టూరిస్టు షెడ్డుకి ప్రమాదం కాదా? మమ్మల్ని తీసేశాక అక్కడ ఏమీ కట్టరని, పడవలకే వదులుతారని రాసిచ్చేదెవరు?

చెన్నై సిక్కోలు
ఇది పాయింటు. 2070కి నెట్ జీరో, అంటే నికరంగా కార్బన్ సున్నా అని గ్లాస్గో వాతావరణ సదస్సులో చెప్పి వచ్చారు గానీ, పేటకి పట్టా మాత్రం ఎవరూ చెప్పరు.

జాగ్రఫీ మాస్టారు
రాసివ్వాలనే నేనూ అంటాను. కానీ హక్కు తేలేదాకా ఆగుదామంటే కోత ఆగుతుందా?

వలకాడు
హక్కు తేలకుండా కదిలితే ఇంకెప్పటికీ తేలదు. ముందు దిబ్బల మీద ఇసుక తవ్వకం ఆపించండి. దిబ్బ మీద మొగలి పొదలు కొట్టేసి సరుగుడు వేశారు, పొదలు పట్టి ఉంచినట్టు ఆ చెట్లు ఇసుకని పట్టి ఉంచడం లేదు. పొదలు మళ్లీ పెంచండి. మెరక మీద ఇంకో షెల్టరు కట్టండి, మాకూ పనికొస్తుంది, తోటలవాళ్లకీ పనికొస్తుంది.

జీడితోట
షెల్టరుకైతే మాట్లాడదాం. రోడ్డు పక్కన మా పినతండ్రి వాళ్లది పది సెంట్లు బీడుగా ఉంది, అడిగి చూస్తాను. మొన్నటి తుపానుకి మేమూ స్కూలు వరండాలోనే ఉన్నాం. కాలనీకి మాత్రం లేదు.

జాగ్రఫీ మాస్టారు
షెల్టరు తుపానుకి. నేనడిగింది కోత గురించి. దానికి ఇద్దరూ జవాబు చెప్పలేదు.

వలకాడు
పట్టా గురించి మీరూ చెప్పలేదు మాస్టారూ.