దుత్తూర పత్రం, ఉమ్మెత్తాకు, కనకం: మూడూ ఒకటేనా?

మాది ప్రొద్దుటూరు. మొన్న చవితి పూజలో మావాడు పుస్తకం చూసి గట్టిగా చదువుతున్నాడు. "హరసూనవే నమః, దుత్తూర పత్రం పూజయామి" అన్నాక ఆగి, "నాయనా, ఇందులో దుత్తూర ఏది?" అని అడిగినాడు. బజార్లో కొన్న పత్రి కట్టను నేను కెలుకుతుంటే వంటింట్లోంచి మా అమ్మ, "ఉమ్మెత్తాకు రా అది, పట్టుకున్న చేత్తో కండ్లు నలుపుకోవద్దని చెప్పు వానికి" అనింది. నేను ఎమ్మే తెలుగు, ఆమె ఐదో తరగతి.

ఆ రాత్రి నిఘంటువులు తిరగేస్తూ కూర్చున్నా. ఉమ్మెత్త అచ్చతెలుగు మాటలా వినిపిస్తుంది గానీ దాని మూలం సంస్కృతం 'ఉన్మత్త', అంటే పిచ్చెక్కినది. ప్రాకృతంలో జన్మ 'జమ్మ' అయినట్టే ఉన్మత్త 'ఉమ్మత్త' అయింది, మన నోట్లో పడి ఉమ్మెత్త అయింది. అమరకోశం ఈ చెట్టుకు ఇంకా పేర్లు చెప్తుంది: కితవ (జూదరి), ధూర్త (మోసగాడు), ధత్తూర, కనకాహ్వయ (బంగారం పేరున్నది), మాతుల (మేనమామ). మేనమామలు కోపం తెచ్చుకోవద్దు. ధూర్త అన్న పేరు మాత్రం ఊరికే రాలేదనిపిస్తుంది, ఎందుకంటే బాటసారులకు ఉమ్మెత్త గింజలు కలిపిన తిండి పెట్టి, ఒళ్లు తెలీకుండా చేసి మూటలు దోచుకునే దొంగలు ఈ దేశంలో చాలాకాలం ఉన్నారు. గింజలు చూడటానికి మిరప గింజల్లాగే ఉంటాయి, రెండూ ఒకే కుటుంబం మరి. మిరపవి లేతపసుపు, కారం. ఇవి గోధుమరంగు, చేదు. కూరలో పడితే ఎవరు చూస్తారు?

ఇక కనకం. మా నాయనకు ఉబ్బసం. ఆయుర్వేదం అంగట్లో కనకాసవం సీసా తెచ్చుకునేవాడు. మా వీధంతా బంగారు అంగళ్లే, పక్కింటి సేటు ఆ సీసా చూసినప్పుడల్లా "ఇందులో ఎన్ని గ్రాములేసినారు స్వామీ" అని నవ్వేవాడు. చాలాకాలం నేను కూడా బంగారు భస్మమేదో వేస్తారనే అనుకున్నా. అందులో ఉండే కనకం ఉమ్మెత్తే!

కామెంట్: అన్నా, మా తెలుగు సారు వేరేగా చెప్పినాడు. ఉమ్మి తడితో మెత్తగా నూరి గడ్డలకు కట్టే ఆకు కాబట్టి ఉమ్మి + మెత్త అంట.

జవాబు: వినడానికి బాగుంది తమ్ముడూ, కానీ పక్క ఊళ్ల మాట కూడా చూడాల కదా. తమిళంలో ఊమత్తై, కన్నడంలో ఉమ్మత్తి. అక్కడ 'మెత్త' లేదు, 'మత్త' ఉంది. మనవాళ్లు మ పక్కన ఎత్వం పెట్టేసరికి లోపలున్న మత్తు కనపడకుండా పోయింది, అంతే. కన్నడంలో దీనికి మదగుణికె అని కూడా అంటారు, మదం అక్కడ పైకే కనిపిస్తోంది. పైగా ఆ కాయను ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా, ఒళ్లంతా ముళ్లు, మెత్తన యాడుంది!

కామెంట్: నేను కడపలో నర్సుగా పనిచేస్తున్నా సార్. పురుగుల మందు తాగినవాళ్లకు మేమెక్కించే అట్రోపిన్ ఈ చెట్టులో ఉండేదే. డోసు ఎక్కువైతే నోరు పిడచగట్టుకుపోయి, కంటిపాప పెద్దదై, ఒళ్లు కాలిపోతూ, మనిషి గాల్లో లేని దారాలేవో పీకుతుంటాడు, దుప్పటి లాగుతాడు, చచ్చిపోయిన వాళ్లతో మాట్లాడతాడు. ఒకసారి ఒకాయన నన్ను వాళ్లమ్మ అనుకుని పొద్దున దాకా సద్దిసంగటి అడుగుతూనే ఉన్నాడు. ఉన్మత్త అంటే పిచ్చి అని మీ పోస్టు చదివినాక ఆయనే గుర్తొచ్చినాడు.

జవాబు: అక్కా, నేను నాలుగు నిఘంటువుల్లో వెతికింది మీరు ఒక్క రాత్రి డ్యూటీలో చూసినారు. మా అమ్మ కండ్లు నలుపుకోవద్దన్నది కూడా అందుకే. ఆ రసం తగిలితే కంటిపాప విచ్చుకుని చూపు మసకేస్తుంది. ఉబ్బసానికి ఆకు పొగ పీల్చే పద్ధతి 1802లో మద్రాసు నుంచి బ్రిటన్‌కు పోయింది, తర్వాత అక్కడ ఉమ్మెత్త సిగరెట్లే అమ్మినారు. ఇప్పుడు ఇన్‌హేలర్లలో వాడే ఇప్రాట్రోపియం కూడా అట్రోపిన్‌ను మార్చి చేసిందే.

కామెంట్: మా ఊర్లో పిచ్చికుక్క కరిస్తే ఉమ్మెత్తాకు పసరు తాపుతారు సార్. పిచ్చికి పిచ్చే మందు అని. తప్పా?

జవాబు: ఆలోచన పాతదే. సుశ్రుత సంహితలో పిచ్చికుక్క విషానికి చెప్పిన మందులో వెంపలి వేరుతో పాటు ఉమ్మెత్త కూడా ఉంది. కానీ ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో లెక్కేసింది. గింజల్ని గుడ్డలో మూటగట్టి, ఆవుపాలలో వేలాడదీసి ఉడికించి శుద్ధి చేస్తే గానీ మందులో వేయనీయదు. పెరట్లో ఆకు తుంచి పసరు తీసి తాపడం వేరే సంగతి. ఒకే చెట్టులో ఆకుకూ గింజకూ విషం ఒకే మోతాదులో ఉండదు, పసిపిల్లకైతే కొంచెం గింజలే చాలు. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి సూది వేయించండి. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే ఏ పసరూ, ఏ సూదీ దాదాపు పనిచేయదు.

కామెంట్: ఇరవయ్యొక్క ఆకుల్లో ఇంకా విషాలున్నాయా?

జవాబు: ఉన్నాయి. కపిలాయ నమః దగ్గర అర్కపత్రం, అంటే జిల్లేడు. వికటాయ నమః దగ్గర కరవీర, అంటే గన్నేరు. దానికి సంస్కృతంలో ఇంకో పేరు అశ్వమారకం, గుర్రాన్ని చంపేది. హైవే మీద పోయేటప్పుడు డివైడర్ మధ్యలో గులాబీ రంగు పూలతో పొడుగునా కనిపిస్తుంది చూడండి, అదే.