హైదరాబాదు పెరట్లో రోడోడెండ్రాన్ బతుకుతుందా?

అల్వాల్_పెరటితోట

అందరికీ నమస్కారం. గత సంవత్సరం మార్చి నెలాఖరులో నేనూ మావారూ ఉత్తరాఖండ్‌లోని చోప్తా వెళ్ళాము. అక్కడి కొండవాలంతా ఎర్రగా విరగబూసిన బురాంశ్ చెట్లను, అంటే ఎర్రపూల రోడోడెండ్రాన్‌లను, చూడడం మాకు అదే మొదటిసారి. మేము బస చేసిన ఇంటివారు ఆ పూరేకులతో చేసిన షర్బత్ ఇచ్చి, అది తమ రాష్ట్ర వృక్షమని, ఏడాది పొడుగునా ఆకు రాలదని చెప్పారు. ఇంటికి తిరిగి వచ్చినప్పటి నుంచి ఆ మొక్క మన పెరట్లో కూడా ఉండాలని మావారు పట్టుబడుతున్నారు.

ఈ జనవరిలో ఒక నర్సరీవారు రోడోడెండ్రాన్ అని చెప్పి, మోకాలెత్తు కూడా లేని, ముదురు గులాబీ రంగు పూలతో నిండిన మొక్కను తొమ్మిది వందల రూపాయలకు ఇచ్చారు. దానిని తూర్పు వైపు ప్రహరీగోడ పక్కన నేలలోనే నాటాము. ఉన్న పూలు మూడు వారాలలో రాలిపోయాయి. ఆ తరువాత వచ్చిన లేత ఆకులు పసుపు పచ్చగా మారుతున్నాయి, వాటి ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. పాత ఆకుల అంచులు మాడుతున్నాయి. రోజూ బోరు నీరే పోస్తున్నాము. పక్కింటి పిన్నిగారి సలహా మీద వాడిన టీపొడి, గుడ్డు పెంకుల పొడి కూడా వేశాను.

అసలు ఈ మొక్క మన ఊరి ఎండకు నిలుస్తుందా, నిలిస్తే ఆ పసుపు రంగుకు మందు ఏమిటి, రేపు మళ్ళీ పూస్తే ఆ పూలతో షర్బత్ చేసుకోవచ్చునా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

తార్నాక_మట్టిమనిషి

అమ్మా, ముందుగా మీ దగ్గర ఉన్నది ఏమిటో తేల్చుకుందాము. చోప్తాలో మీరు చూసిన బురాంశ్ ఆకు మందంగా, జానెడు వరకూ పొడుగుగా ఉండి, కింది వైపు వెండి రంగులోనో తుప్పు రంగులోనో కనిపిస్తుంది. మీ మొక్క ఆకు రెండంగుళాలకు మించకుండా, పలుచగా, కాస్త నూగుతో ఉంటే అది అజేలియా. నర్సరీవారు మిమ్మల్ని మోసం చేశారని నేను అనను, ఎందుకంటే 1753లో లిన్నేయస్ ఈ రెండింటినీ వేరు వేరు ప్రజాతులుగా పెట్టినా, తరువాతి వృక్షశాస్త్రజ్ఞులు అజేలియాలను కూడా రోడోడెండ్రాన్ ప్రజాతిలోనే కలిపివేశారు. మనకు చలికాలంలో కుండీలలో అమ్మకానికి వచ్చేవి చాలావరకు రోడోడెండ్రాన్ సిమ్సీ అనే జాతి నుంచి పెంచిన సంకరాలు. ఒక విధంగా మీకు ఇదే మేలు జరిగింది, బురాంశ్ మొలకే అయితే పూత కోసం పదేళ్ళు దాటినా ఎదురుచూడవలసి వచ్చేది.

ఇక పసుపు రంగు సంగతి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోవడం, అది కూడా లేత ఆకులలోనే కనిపించడం ఇనుము లోపానికి గుర్తు. అయితే మన ఎర్ర చెలక మట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల కదా, అంత ఇనుము మధ్య కూర్చున్న మొక్కకు ఇనుము ఎందుకు అందదని మీరు అడగవచ్చు. మట్టిలో ఇనుము ఎంత ఉన్నా, అది వేరు పీల్చుకోగలిగిన రూపంలో కరగాలంటే మట్టికి ఆమ్లగుణం ఉండాలి. ఈ కుటుంబపు మొక్కలకు పీహెచ్ (ఆమ్లగుణానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 6 వరకు ఉంటేనే సుఖం. అది 7 దాటిందంటే ఇనుము తుప్పులాగా గట్టిపడి మట్టిలోనే ఉండిపోతుంది. పైగా ఈ మొక్కల వేర్లు వెంట్రుకలంత సన్నగా ఉండి పై ఆరు అంగుళాలలోనే పరుచుకుంటాయి కాబట్టి, లోపలికి దిగి వెతుక్కునే శక్తి కూడా వాటికి లేదు.

మీ పెరట్లో పీహెచ్‌ను పెంచుతున్నవి మూడు కనిపిస్తున్నాయి. మొదటిది బోరు నీరు. మన ఊళ్ళో చాలా బోర్లలో కాల్షియం, బైకార్బొనేట్లు అధికం. గీజరులోనూ కుళాయి మూతి దగ్గరా పేరుకునే తెల్లని పెచ్చు అదే. మీరు పోసే ప్రతి చెంబు నీరూ మట్టిలోని ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా చంపుతుంది. రెండవది ప్రహరీగోడ. ఇల్లు కట్టినప్పుడు రాలిన సిమెంటు, సున్నం ఆ గోడ మొదట్లోనే ఉండిపోతాయి, అవి ఏళ్ళ తరబడి కరుగుతూనే ఉంటాయి. మూడవది గుడ్డు పెంకుల పొడి. అది అచ్చంగా సున్నపు పదార్థమే కనుక గులాబీకి మేలు చేస్తుందేమో గానీ దీనికి మాత్రం విషంతో సమానం. పిన్నిగారిని తప్పు పట్టనక్కరలేదు, మిద్దెతోటల వాళ్ళందరూ అన్నింటికీ చెప్పే మందు అదే. టీపొడి వల్ల పెద్ద హాని లేదు గానీ, ఒకసారి మరిగించిన టీపొడిలోనూ కాఫీపొడిలోనూ మట్టిని మార్చగలిగినంత ఆమ్లం మిగలదు.

మీ ఇంట్లోగానీ వీధిలోగానీ నూరువరహాల మొక్క ఉంటే దాని లేత ఆకులను ఒకసారి చూడండి. దానికి కూడా ఆమ్లపు మట్టే ఇష్టం, అయినా అది దీనికన్నా ఎంతో మొండిది. మీ బోరు నీటికి నూరువరహాలే పసుపు పడుతుంటే, అజేలియా నేలలో నిలవడం కల్ల. నా మాటగా చెప్పాలంటే దానిని వెంటనే తవ్వి కుండీలోకి మార్చండి.

సైనిక్‌పురి_మిద్దెతోట

పెద్దలు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, నిరాశ పడనక్కరలేదని చెప్పడానికి రాస్తున్నాను. నా దగ్గర ఒక అజేలియా నాలుగు వేసవులు దాటింది. అంతకుముందు రెండు చచ్చిపోయాయన్నది కూడా దాచను. మొదటిది ఎండకు పోయింది, రెండవది నా అతి శ్రద్ధ వల్ల పోయింది. మే నెలలో ఆకులు వాలినప్పుడల్లా నీరు పోస్తూ పోయాను. తీసి చూస్తే వేర్లు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే తొక్క ఊడి వస్తున్నాయి. వేడి మట్టిలో నీరు నిలిస్తే ఫైటోఫ్తోరా అనే తెగులు వేర్లను కుళ్ళబెడుతుంది, అప్పుడు తడి మట్టిలో కూర్చునే మొక్క దాహంతో వాడిపోతుంది. కాబట్టి ఆకులు వాలగానే చెంబు ఎత్తవద్దు, ముందు వేలు గుచ్చి చూడండి.

నేను వాడుతున్న మిశ్రమంలో రెండు మూడు నీళ్ళలో కడిగి పిండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం ఉంటుంది. మిగతా సగంలో ఆర్కిడ్ల కోసం అమ్మే పైన్ బెరడు ముక్కలు, బాగా చివికిన ఆకుల ఎరువు, నీరు నిలవకుండా చేసే పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుళికలు కొంచెం కలుపుతాను. మన మట్టి ఒక్క పిడికెడు కూడా వేయను. వర్మీకంపోస్టు, బూడిద, ఎముకల పొడి జోలికి పోను. లోతు తక్కువగా, వెడల్పుగా ఉన్న మట్టి కుండీ మంచిది. నర్సరీ నుంచి వచ్చిన వేరుముద్ద పైభాగం కొత్త మిశ్రమానికి అర అంగుళం పైకే ఉండాలి తప్ప పూడ్చకూడదు. ఆ ముద్ద ఒకసారి పూర్తిగా ఎండిందంటే పైన పోసిన నీరు పక్కల నుంచి జారిపోతుంది గానీ లోపలికి ఇంకదు. అటువంటప్పుడు కుండీని పావుగంట సేపు నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టాలి.

నీటి విషయంలో నాకు దారి చూపినది మా ఇంటి ఏసీ. ఏసీ గొట్టం నుంచి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి దిగినది కనుక అందులో సున్నం ఉండదు. సరిగ్గా మొక్కకు నీటి అవసరం ఎక్కువగా ఉండే ఏప్రిల్, మే నెలలలోనే అది రోజూ బకెట్ నిండుతుంది. జూన్ తరువాత వాననీరు పడతాను. ఈ రెండూ లేని రోజున మంజీరా నీటిలో నిమ్మ ఉప్పును చిటికెడు చిటికెడుగా వేసి, పీహెచ్ కాగితం 6 దగ్గరకు రాగానే ఆపుతాను. ఆర్వో యంత్రం బయటకు వదిలే నీటిని మాత్రం పోయవద్దు, లవణాలన్నీ పోగుపడేది అందులోనే.

మార్చి మొదటి వారం నుంచి నా కుండీ ఇంటి ఉత్తరం వైపుకు వెళ్ళిపోతుంది. దాని మీద 75 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ ఉంటుంది. ఎండ కుండీ పక్కలకు తగిలితే లోపల వేర్లు ఉడికిపోతాయి కాబట్టి, ఆ కుండీని ఇంకొక పెద్ద కుండీలో పెట్టి మధ్య ఖాళీలో తడి కొబ్బరి పీచు కూరుతాను. పొడి వేడికి ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది కనుక వారానికి రెండుసార్లు ఆకులను అడుగు వైపు నుంచి కడగాలి.

పూల మాట కూడా ఉన్నదున్నట్లు చెబుతాను. కొన్న సంవత్సరం పూసినంతగా అది మళ్ళీ ఎన్నడూ పూయలేదు. నిరుడు పదిహేను పూలు, ఈ ఏడు తొమ్మిది. నాకు ఆ తొమ్మిదీ చాలు.

కూనూరులో_పదేళ్ళు

ఉద్యోగరీత్యా కూనూరులో పదేళ్ళు ఉండి హైదరాబాదు వచ్చినవాణ్ణి. సైనిక్‌పురి వారి పూలు తగ్గడానికి కారణం వారి పెంపకంలో లేదు. అజేలియా వేసవిలోనే మొగ్గ కట్టుకుంటుంది, కానీ ఆ మొగ్గ సమంగా విచ్చుకోవాలంటే దానికి కొన్ని వారాల పాటు పది డిగ్రీల లోపు చలి తగలాలి. వ్యాపారానికి పెంచేవారు మొగ్గ కట్టిన మొక్కలను నాలుగు నుంచి ఆరు వారాలు శీతల గదులలో ఉంచిన తరువాతే అమ్మకానికి తెస్తారు. మన సంక్రాంతి చలి నాలుగు రోజుల ముచ్చట, అది వాటికి చాలదు. పూత అయిపోగానే వాడిన పూలను, పెరిగిపోయిన కొమ్మల చివరలను తుంచండి. ఆలస్యంగా కత్తిరిస్తే వచ్చే ఏటి మొగ్గలే పోతాయి.

అసలు బురాంశ్‌ను ఇక్కడ పెంచాలన్న ఆశ మాత్రం వదులుకోవడం మంచిది. హిమాలయాలలో అది సుమారు 1,500 మీటర్ల నుంచి 3,600 మీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. మన ఊరి ఎత్తు 540 మీటర్ల చిల్లర. పగటి ఎండ ఒక్కటే అయితే షేడ్‌నెట్ కాపాడును, కానీ మే నెలలో రాత్రి పన్నెండింటికి కూడా మన దగ్గర 27, 28 డిగ్రీలు ఉంటుంది. పగలు కూడబెట్టుకున్న చక్కెరను ఆ వేడి రాత్రులలో మొక్క శ్వాసకే ఖర్చు పెట్టుకుంటుంది, ఇక పెరగడానికి ఏమీ మిగలదు. న్యూ గినీ, బోర్నియో వంటి ఉష్ణమండల దీవులలో పెరిగే వైరేయా అనే రోడోడెండ్రాన్ రకాలకు చలి అవసరం లేదు గానీ, అవి తేమగాలికి అలవాటు పడినవి, మన ఏప్రిల్ పొడిగాలిని తట్టుకోలేవు. మన నర్సరీలలో దొరకడం కూడా అరుదే.

చూడాలన్న కోరికకు మాత్రం ఉత్తరాఖండ్ దాకా పోనక్కరలేదు. ఆ బురాంశ్‌కు తోబుట్టువు లాంటి ఉపజాతి నీలగిరి, పళని కొండలలో, మున్నార్ పైనున్న ఎరవికుళంలో సహజంగానే ఉంది. ఊటీ నుంచి అవలాంచి వైపు వెళ్ళే దారిలో జనవరి, ఫిబ్రవరి నెలలలో పచ్చిక బయళ్ళ అంచున ఎర్రగా పూసి కనిపిస్తుంది. అక్కడివారు దానిని కాట్టుప్పూవరసు అంటారు, మన మాటలో చెప్పుకుంటే అడవి గంగరావి.

షర్బత్ గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. కొండవారు వాడేది తమకు తరతరాలుగా తెలిసిన బురాంశ్ పూరేకులను మాత్రమే. అజేలియా ఆకులోనూ పువ్వులోనూ తేనెలోనూ గ్రేయనోటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది లోపలికి వెళ్తే చొంగ, వాంతులు, రక్తపోటు పడిపోవడం, గుండె నెమ్మదించడం వంటివి కలుగుతాయి. క్రీస్తుపూర్వం 401లో నల్లసముద్ర తీరంలో గ్రీకు సైనికులు ఇటువంటి తేనె తిని పడిపోయారని చరిత్రలో ఉంది. ఇంట్లో కుక్కగానీ పాకే పిల్లలుగానీ ఉంటే కుండీని అందకుండా పెట్టండి. ఒక చిన్న ముచ్చట ఏమిటంటే, పూర్వం గ్రీకులు రోడోడెండ్రాన్ అన్న పేరుతో పిలిచింది మన గన్నేరునే. మీవారికి ఆ పేరు మీదే మనసు ఉంటే, ఏ బాధా లేకుండా పెరట్లో పూసే మొక్క అదొకటి ఉంది. అదీ విషమే అనుకోండి.

అల్వాల్_పెరటితోట

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆకు కొలిచి చూస్తే అంగుళంన్నర ఉంది, అంటే అజేలియానే. నిన్న సాయంత్రం తవ్వితే జానెడు లోతులోనే సిమెంటు పెళ్ళ ఒకటి బయటపడింది. వేర్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి. సైనిక్‌పురి వారు చెప్పిన మిశ్రమంలో నాటి, ఉత్తరం వైపు వసారాలో పెట్టాము. షర్బత్ ఆలోచన మానుకున్నాము. మావారు మాత్రం గన్నేరు మాట వినగానే నవ్వి, జనవరిలో ఊటీకి టికెట్లు చూస్తున్నారు. ఒక్క సందేహం మిగిలింది. పసుపు పడిన ఆకులకు ఇనుము నేరుగా ఇవ్వవచ్చునా?

తార్నాక_మట్టిమనిషి

ఇవ్వవచ్చును. ఎరువుల దుకాణంలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) అని అడగండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి రైతులు వేరుశనగకు, బత్తాయికి చల్లుతారు. మీది లేత మొక్క, ఇప్పుడే వేర్లు కదిలినది కనుక అందులో సగం మోతాదుతో మొదలుపెట్టి, ఎండ పోయాక సాయంత్రం ఆకుల రెండు వైపులా చల్లండి. పదిహేను రోజులకు ఒకసారి చొప్పున రెండు మూడు సార్లు చాలును. కలిపిన నీరు తుప్పు రంగుకు తిరిగితే పారబోసి కొత్తగా కలపండి. గచ్చు మీద పడితే మరక వదలదు కాబట్టి వసారాలో కాకుండా మట్టి నేల మీద పెట్టి చల్లడం మంచిది. ఇప్పటికే పూర్తిగా పాలిపోయిన ఆకులు మళ్ళీ పచ్చబడకపోవచ్చు, కొత్త చిగురు ఏ రంగులో వస్తున్నదో చూడండి. ఆ చిగురు పచ్చగా వచ్చేదాకా వేరే ఎరువు ఏదీ వేయకండి.