రోజువారీ పనుల మధ్య ఇంద్రజాల సాధనకు వేళ ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న: సఖినేటిపల్లి నుంచి

అందరికీ నమస్కారం. నేను రోజూ ఉదయం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్తాను. అక్కడ ఒక టోకు కిరాణా దుకాణంలో లెక్కలు రాయడం, గల్లాపెట్టె చూసుకోవడం నా పని. రాత్రి ఎనిమిదిన్నరకు తిరిగి రేవుకు చేరుకుంటే, ఇంటికి వెళ్ళి స్నానం, భోజనం ముగించేసరికి పది అవుతుంది. ఇంట్లో అమ్మానాన్నలు, నా భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

ఏడాదిన్నర క్రితం నాకు ఇంద్రజాలం మీద మనసు పడింది. నాణేలతో మూడు, పేకముక్కలతో రెండు అంశాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే వాటి రహస్యాలు తెలుసుకున్నాననే అర్థం. పది నిమిషాల్లో తెలిసిపోయిన రహస్యం చేతికి రావడానికి నెలలు పడుతుందని ఇప్పుడిప్పుడే బోధపడుతోంది. కుడిచేతి నాణేన్ని ఎడమచేతిలో పెట్టినట్టు చూపించి కుడి అరచేతిలోనే దాచుకోవడం ఈ విద్యలో ఓనమాల వంటిదంటారు. నాకు పదిసార్లలో ఆరుసార్లు నాణెం జారి కింద పడుతోంది.

వేళ కుదరకపోవడం ఒక బాధ, చోటు కుదరకపోవడం మరో బాధ. దుకాణంలో మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు గల్లాలోని పదిరూపాయల బిళ్ళతో సాధన చేసేవాణ్ని. ఒకరోజు మా యజమాని వచ్చి, నా అరచేతిలో దాగి ఉన్న బిళ్ళను చూసి, ఏమీ అనకుండా ఆ సాయంత్రం గల్లా రెండుసార్లు లెక్కపెట్టించారు. లెక్క సరిపోయింది గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చేస్తున్నదేమిటో మరునాడు ఆయనకు చెప్పుకున్నాను. ఆయన నొచ్చుకోలేదు, గల్లా దగ్గర మాత్రం వద్దన్నారు.

ఇక ఇంట్లో పేకముక్కలు బయటికి తీయలేను. మా పెదనాన్నగారు పేకాటలో రెండెకరాల కొబ్బరితోట పోగొట్టుకున్నారు. అందుకే పేక కనబడితే నాన్నగారి ముఖం మాడిపోతుంది. సంక్రాంతి రోజుల్లో పెద్దవాళ్ళు రమ్మీకి ముక్కలు కలిపే తీరును చిన్నప్పటి నుంచి చూసినవాణ్ని కాబట్టి, విదేశీ ఇంద్రజాలికులు హిందూ షఫుల్ అని పిలుచుకునే ఆ పద్ధతి నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. సులువుగా పట్టుబడినదానికే ఇంట్లో చోటు లేకుండా పోయింది.

వచ్చే సంక్రాంతికి మా అక్క, బావగారు, మేనల్లుళ్ళు వస్తారు. వాళ్ళ ముందు పది నిమిషాలు తడబడకుండా చేసి చూపించాలని ఉంది. ఆదివారం ఒకేసారి మూడు గంటలు కూర్చోవడం మంచిదా, రోజూ పావుగంట మంచిదా? పంటు కోసం ఎదురుచూడటం, నది దాటడం కలిపి రోజుకు సుమారు ముప్పావుగంట గడుస్తుంది. ఆ సమయం సాధనకు పనికివస్తుందా? ఉద్యోగం చేసుకుంటూ ఈ విద్యను నిలుపుకున్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: అమలాపురం నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు

బాబూ, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెబుతూ, పాఠశాల వార్షికోత్సవాల్లో ఇంద్రజాలం చేసినవాణ్ని కాబట్టి కాస్త చనువుగా రాస్తున్నాను. ముందుగా గల్లాపెట్టె సంగతి. మీ యజమానిది తప్పు కాదు. పరుల సొమ్ము చేతిలో పెట్టుకుని, దాన్ని మాయం చేసే విద్యను సాధన చేయకూడదు. మీకే సొంతమైన, ఎవరూ గల్లా డబ్బు అని పొరబడే వీల్లేని నాణెం ఒకటి సంపాదించుకోండి.

అటువంటి నాణెం మీ ఇంట్లోనే ఉండవచ్చు. మన వైపు చాలా ఇళ్ళలో దేవుడి దగ్గర కుంకుమభరిణె పక్కన ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉంటుంది. దాని బరువు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. అడ్డుకొలత 30 మిల్లీమీటర్ల పైచిలుకు. నాణేల విద్య మీద వచ్చిన పాశ్చాత్య గ్రంథాల్లో చాలా వాటికి అమెరికా అర డాలరే కొలమానం. దాని అడ్డుకొలత 30.6 మిల్లీమీటర్లు, బరువు 11.34 గ్రాములు. మన వెండి రూపాయి దానికి తోబుట్టువులా ఉంటుంది. మీరు వాడుతున్న పదిరూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, మీ అరచేయి వెడల్పయినదైతే అది జారిపోవడంలో మీ లోపం సగమే. వెండి రూపాయి అంచున ఉండే సన్నని నిలువు గీతలు కూడా చర్మాన్ని బాగా పట్టుకుంటాయి.

పట్టు ఎక్కడ ఉండాలో చెబుతాను. బొటనవేలి మూలాన ఉబ్బెత్తుగా ఉండే కండకూ, దానికి ఎదురుగా ఉంగరపు వేలు, చిటికెన వేళ్ళ కింద ఉండే కండకూ మధ్య నాణెం అంచులు ఆనాలి. బొటనవేలిని లోపలికి ఒక్క నూలు జరిపితే చాలు, నాణెం నిలుస్తుంది. కొత్తవాళ్ళు చెయ్యంతా బిగించడంతో వేళ్ళు గద్ద గోళ్ళలా వంగిపోయి, అక్కడేదో దాగి ఉందని పసిపిల్లలకు సైతం తెలిసిపోతుంది. వేళ్ళు ఐదూ స్వేచ్ఛగా కదలాలి. ఆ స్వేచ్ఛ రావడానికి నేను చేసిన సాధన ఒక్కటే: నాణేన్ని అరచేతిలో పెట్టుకునే చొక్కా గుండీలు పెట్టుకునేవాణ్ని, నల్లబల్ల మీద లెక్క వేసేవాణ్ని, టీ గ్లాసు పట్టుకునేవాణ్ని. మొదటి నెలంతా తరగతి గదిలో నాణెం పడిన చప్పుడే. రెండో నెలలో చేతిలో నాణెం ఉన్న సంగతి నేనే మరచిపోయేవాణ్ని. దీనికి వేరే సమయం అక్కర్లేదు, పంటు మీద గడిచే ముప్పావుగంట కావలసినంత.

మీ నాన్నగారితో ఎప్పుడైనా మాట వస్తే, వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళల్లో ఇంద్రజాలం ఒకటి, హస్తలాఘవం వేరే ఒకటి అని విన్నవించండి. జూదం వేరు, కళ వేరు అని పెద్దవారికి ఆ మాట ద్వారా చెప్పడం సులువు.

సమాధానం: మొగల్తూరు దగ్గర నుంచి, రొయ్యల చెరువు చూసుకునేవాడు

మాస్టారి మాటల్లో నాణెం గురించి చెప్పినదంతా నిజం. ఏ పనిలో ఉన్నా సాధన చేయవచ్చన్న మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. అందుకు నా అనుభవమే కారణం.

చెరువు మీద నాకు వేళలకు కొదవ లేదు. మేత వేసిన తర్వాత చెక్ ట్రేలు ఎత్తి, రొయ్యలు ఎంత తిన్నాయో చూడటానికి రెండు గంటలు ఆగాలి. రోజుకు నాలుగుసార్లు మేత వేస్తాం కాబట్టి ఎదురుచూపులే నా ఉద్యోగం. ఆ సమయమంతా నాణెం ఎడమచేతికి మార్చినట్టు చూపే కదలికను గట్టు మీద నడుస్తూ, పనివాళ్ళతో మాట్లాడుతూ, ఆరు నెలలు వేల సార్లు చేశాను. చేయి నూనె వేసిన యంత్రంలా తిరిగేది. అప్పుడు ఒకరోజు ఫోన్‌ను పాక గుంజకు కట్టి, స్లో మోషన్‌లో వీడియో తీసుకున్నాను. నాణెం దాగే ఆ క్షణానికి సరిగ్గా నా కళ్ళు రెండూ మూసుకుంటున్నాయి, ఎడమ భుజం కిందికి జారుతోంది. అద్దం ముందు ఇన్నాళ్ళూ అది కనబడకపోవడానికి కారణం స్పష్టం: కళ్ళు మూసుకున్న క్షణంలో అద్దాన్ని చూడలేం కదా! ఆరు నెలలు శ్రద్ధగా తప్పునే సాధన చేసి, ఆ తప్పు వదిలించుకోవడానికి మరో ఐదు నెలలు కష్టపడ్డాను.

అందువల్ల నేను చెప్పేదేమిటంటే, కొత్త కదలికను పంటు మీద నేర్చుకోవద్దు. ముందు నాణేన్ని నిజంగానే ఎడమచేతిలో పెట్టండి. పదిసార్లు పెట్టి, ఎడమచేయి ఎలా మూసుకుంటుందో, చూపు ఎటు వెళ్తుందో, నాణెం వదిలిన కుడిచేయి ఎలా వాలుతుందో గమనించండి. పదకొండోసారి అదంతా అలాగే చేస్తూ, నాణేన్ని మాత్రం వదలకండి. మూసిన ఎడమ పిడికిలిలో నాణెం పట్టేంత ఖాళీ ఉండాలి. గట్టిగా బిగించిన పిడికిలి అబద్ధం చెబుతోందని ఎదుటివారికి ఇట్టే తెలుస్తుంది.

మాట సాధనకు నా దగ్గర ఒక మంచి చోటు ఉంది. రాత్రివేళ చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటే గట్టు మీద ఎంత గట్టిగా మాట్లాడినా పక్క చెరువు వాళ్ళకు వినబడదు. ప్రదర్శనలో చెప్పవలసిన మాటలన్నీ అక్కడే పైకి చెప్పుకుంటాను. మనసులో చెప్పుకుంటే సాఫీగా ఉన్న వాక్యం నోటితో చెప్పేటప్పుడు ఎక్కడ తడబడుతుందో అప్పుడే తెలుస్తుంది. మీకు పంటు ఇంజను చప్పుడు ఉంది, చుట్టూ జనం కూడా ఉన్నారు కాబట్టి పెదవి కదిలీ కదలకుండా చెప్పుకోండి.

సమాధానం: రాజమహేంద్రవరం నుంచి, బి.ఇడి. కళాశాల అధ్యాపకురాలు

మాస్టారూ, చెరువు మీద సాధన చేసే సోదరుడూ ఒకదానికొకటి విరుద్ధంగా చెబుతున్నట్టు కనబడుతున్నా, ఇద్దరు చెప్పేదీ వేర్వేరు దశల గురించి. నాణెం పట్టి ఉంచడం ఓర్పుతో, అలవాటుతో వచ్చేది. ధ్యాస పక్కన ఉన్నా అలవడుతుంది, పక్కన ఉంటేనే మేలు కూడా. నాణేన్ని మార్చినట్టు చూపే కదలిక అలాంటిది కాదు. అది కుదిరే వరకు ప్రతిసారీ కన్ను దాని మీదే ఉండాలి. ధ్యాస పెట్టి చేసే ఆ సాధనకు పావుగంట ధారాళంగా సరిపోతుంది, అంతకు మించితే వేళ్ళు అలసి తప్పులు మొదలవుతాయి. వంట పూర్తయి పిల్లలు చదువుకునే వేళ తాడు ముక్కతో, చేతి రుమాలుతో సాధన చేసే నాకు తెలిసిన లెక్క ఇది.

ఆదివారం మూడు గంటలా, రోజూ పావుగంటా అన్న ప్రశ్నకు నేను తరగతిలో చెప్పే ఒక ఉదాహరణ ఉంది. 1978లో బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు తపాలా ఉద్యోగులకు టైపు కీలు నేర్పే తీరును పరిశీలించారు. రోజుకు ఒక గంట చొప్పున నేర్చుకున్నవారికి, రోజుకు నాలుగు గంటలు నేర్చుకున్నవారి కంటే తక్కువ గంటల్లోనే అదే నైపుణ్యం వచ్చింది. ఎక్కువ రోజులు పట్టిన మాట నిజమే. ఇంకో విశేషం ఏమిటంటే, బాగా నేర్చుకున్న ఆ గంట జట్టువారే తమ శిక్షణ పట్ల అందరికంటే ఎక్కువ అసంతృప్తిగా ఉన్నారు. రోజూ కొంచెం చేసేవారికి ముందుకు వెళ్తున్నట్టు అనిపించదు. మీకూ నెల తిరిగేసరికి అదే అనిపిస్తుంది, అప్పుడు మానేయకండి. ఆదివారాన్ని మాత్రం ప్రదర్శనకు వేసుకునే చొక్కాతోనే నిలబడి, మొదటి నుంచి చివరి వరకు ఆగకుండా ఒకసారి చేయడానికి ఉంచుకోండి. మధ్యలో తప్పు వచ్చినా ఆగకూడదు.

పేకముక్కల విషయంలో నాది వేరే మాట. అరవైనాలుగు కళల పేరు చెప్పి మీ నాన్నగారిని ఒప్పించడానికి తొందరపడకండి. అన్నగారి తోట పోయిన బాధ ఆయనది. ఈ సంక్రాంతికి పేక లేకుండానే, నాణెం, రుమాలు, తాడు, ఈ మూడింటితో మీ పది నిమిషాలూ నిండుతాయి. దొంగచాటుగా సాధన చేయడం వల్లనే మీకు చోటు దొరకడం లేదు. మీరు ఏం చేస్తున్నారో ఇంట్లో అందరికీ చెప్పండి. ఎలా చేస్తున్నారో చెప్పనవసరం లేదు. ఒక్కరినైనా పరీక్షకుడిగా పెట్టుకోవాలనుకుంటే, పిల్లల్ని కాదు, మీ నాన్నగారిని అడగండి. పిల్లలు మెచ్చుకుంటారు, ఆయన తప్పు పట్టుకుంటారు. మీకు ఇప్పుడు కావలసింది రెండోదే.

ప్రశ్న అడిగినవారి జవాబు: మూడు వారాల తర్వాత

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇన్నాళ్ళు ఆగి రాయడానికి కారణం, చెప్పినవి చేసి చూడాలనుకోవడమే.

వెండి రూపాయి అమ్మ దగ్గర ఉంది. మా నాయనమ్మ పెళ్ళినాటిదట. అడిగితే ఎందుకని నాన్నగారే అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను, దుకాణంలో జరిగినది కూడా దాచలేదు. ఆయన ఆ రూపాయిని చాలాసేపు చేతిలో తిప్పి చూసి, "పేకతో కాదు కదా" అని ఒక్క మాట అడిగి నా చేతిలో పెట్టారు. ఈ సంవత్సరం పేక ముట్టనని చెప్పాను.

ఇప్పుడు ఉదయం ఐదున్నర నుంచి పావుగంట డాబా మీద, ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఒక్క కదలికే చేస్తున్నాను. మొదటి వీడియోలో నా కళ్ళు మూసుకోలేదు గానీ, నాణెం దాగే క్షణానికి ఊపిరి బిగబట్టి దవడ గట్టిపడుతోంది. అది తగ్గడానికి ఆ క్షణంలోనే మాట పలికేలా వాక్యాన్ని సర్దుకున్నాను. కొంచెం ఫలితం కనబడుతోంది. రెండో ఆదివారం నాన్నగారి ముందు చేస్తే, "ఎడమచేతిని నువ్వే నమ్మడం లేదురా, చూపు కుడివైపే ఉంది" అన్నారు. ఆయన చెప్పింది నిజమని వీడియో చూసుకుంటే తెలిసింది.

పంటు మీద మాత్రం నాణెం పట్టి ఉంచడం ఒక్కటే చేస్తున్నాను. నిన్న రాత్రి నరసాపురం రేవులో పంటు ఎక్కి, అదే కుడిచేత్తో జేబులోంచి నోటు తీసి టికెట్ డబ్బులిచ్చి, చిల్లర పుచ్చుకుని, ఫోన్ వస్తే మాట్లాడి, సఖినేటిపల్లి రేవులో దిగేవరకు రూపాయి అరచేతిలోనే ఉంది.