ఆఫీసులో సైబర్ జాగ్రత్తలు అలవాటు కావాలంటే: మీ దగ్గర ఏది పనిచేసింది?

లెక్కలగది (గుంటూరు):
మాది నూట ఇరవై మంది పనిచేసే నూలు మిల్లు. అకౌంట్స్ విభాగం నా బాధ్యత. మాకు పత్తి సరఫరా చేసే వ్యాపారి పేరుతో, తమ బ్యాంకు ఖాతా మారిందని, ఇకపై చెల్లింపులు కొత్త ఖాతాకు పంపాలని గత నెలలో ఒక మెయిల్ వచ్చింది. ఇన్‌వాయిస్ నంబరు, బేళ్ల సంఖ్య, జీఎస్టీ నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెయిల్ చిరునామాలో మాత్రం ఇంగ్లిషు ‘ఎం’ ఉండవలసిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కనే ఉన్నాయి. తెర మీద చిన్న అక్షరాల్లో చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. మా క్యాషియర్ నాలుగు లక్షల పది వేలు పంపేశాడు. అరగంటకే అనుమానం వచ్చినా, ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో మరునాటి మధ్యాహ్నం వరకు నాతో చెప్పలేక లోలోపలే కుమిలిపోయాడు. మేము సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేసేసరికి డబ్బులో చాలా భాగం మూడు ఖాతాలు దాటిపోయింది. అందరికీ శిక్షణ ఇప్పించమని యాజమాన్యం అంటోంది. ఏడాదికొకసారి రెండు గంటల పాటు స్లైడ్లు చూపిస్తే సరిపోతుందని నాకు నమ్మకం లేదు.

సర్వర్‌రూమ్ (హైదరాబాద్):
లెక్కలగది గారూ, ఆ అబ్బాయికి అరగంటలోనే అనుమానం వచ్చిందంటే అతనికి తెలివి ఉన్నట్టే. ఆ అనుమానాన్ని నోరు తెరిచి చెప్పే ధైర్యం మాత్రం మీ ఆఫీసు అతనికి ఇవ్వలేదు. మేమూ ఈ తప్పు చేశాము. ఉద్యోగులను పరీక్షించడానికి మేమే నకిలీ మెయిళ్లు పంపి, లింకు నొక్కినవారి పేర్లు విభాగాల వారీగా అందరికీ పంపేవాళ్లం. మూడు నెలల్లో నొక్కేవారి సంఖ్య తగ్గిందని సంతోషించాము గానీ, అదే కాలంలో అనుమానాస్పద మెయిళ్ల గురించి మాకు చెప్పేవారు కూడా దాదాపు లేకుండా పోయారని తరువాత గమనించాము. పేర్లు ప్రకటించడం మానేసి, పొరపాటున నొక్కినా పది నిమిషాల్లో చెప్పినవారికి మేనేజరే స్వయంగా ధన్యవాదాలు చెప్పే పద్ధతి పెట్టాక పరిస్థితి మారింది. ఇప్పుడు వారానికి పదిహేను, ఇరవై మెయిళ్లు మా దగ్గరకు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మామూలు ప్రకటనలే అయినా ప్రతి ఒక్కరికీ జవాబు రాస్తాము, ఎందుకంటే రెండుసార్లు జవాబు రాకపోతే మూడోసారి ఎవరూ పంపరు.

చట్టం వైపు నుంచి కూడా ఒక మాట. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లోగా ఏ సంస్థ అయినా ఆ విభాగానికి తెలియజేయాలి. కింది ఉద్యోగి ఒక రోజు దాచిపెడితే ఆ గడువును నిలబెట్టుకోవడం ఎలా?

కౌంటర్‌నంబర్4 (సహకార బ్యాంకు ఉద్యోగి):
2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు నుంచి పన్నెండు కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టిన ఘటన మా వృత్తిలో ఉన్నవారందరికీ గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు నవంబరులో ఉద్యోగులకు రెండు వందలకు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయని, వాటిని ఇద్దరు తెరవడంతో దుండగులు లోపలికి చొరబడ్డారని పోలీసుల దర్యాప్తులో తేలింది. అయితే ఆ ఇద్దరినే తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదు. సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు అరవై అయిదు లక్షల జరిమానా విధించింది. ఉద్యోగికి అలవాట్లు నేర్పే యాజమాన్యం ముందు తన వంతు పని చేసి ఉండాలి.

డిశ్చార్జ్‌డెస్క్ (విజయవాడ):
మా ఆసుపత్రిలో పాస్‌వర్డు రాసిన చీటీ మానిటరుకు సర్జికల్ టేపుతో అంటించి ఉండేది. షిఫ్టు మారినా అదే లాగిన్, అదే చీటీ. చీటీ పీకేస్తే మరునాడు కీబోర్డు కింద ఇంకొకటి ఉండేది. ముప్పై రోజులకొకసారి పాస్‌వర్డు మార్చాలన్న నిబంధనే దీనికి కారణమని ఆలస్యంగా అర్థమైంది. చివరి అంకె ఒకటి పెంచుకుంటూ పోవడం తప్ప ఎవరూ నిజంగా మార్చడం లేదు. ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే సూచించింది. మేము గడువు ఎత్తివేసి, ఎవరి లాగిన్ వారికి ఇచ్చి, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాసుకోమన్నాము. సామెతలు, పాటల పల్లవులు వద్దని గట్టిగా చెప్పాము. ఫోనులో వచ్చే రెండో ధ్రువీకరణ కూడా పెట్టాము. చీటీలు వాటంతట అవే పోయాయి.

సర్వర్‌రూమ్ (హైదరాబాద్):
అప్‌డేట్లను వాయిదా వేసే అలవాటును కూడా మరవకండి. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని మూతబడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది.

లెక్కలగది (గుంటూరు):
అందరికీ కృతజ్ఞతలు. ఖాతా మార్పు ఎవరు కోరినా, మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మా పాత ఒప్పందంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే మార్చాలని, యాభై వేలు దాటిన చెల్లింపును ఇద్దరు చూడాలని నిర్ణయించాము. అయినా ఒక సందేహం మిగిలింది. సాక్షాత్తు యజమాని పేరుతోనే, ‘మీటింగులో ఉన్నాను, వెంటనే పంపు’ అని వాట్సాప్ సందేశం వస్తే చిన్న ఉద్యోగి ఎలా ఆపగలడు?

కౌంటర్‌నంబర్4 (సహకార బ్యాంకు ఉద్యోగి):
ఆ అనుమతి యజమాని నోటి నుంచే రావాలండి. మీరు చెబితే సరిపోదు. ‘నా పేరుతో వచ్చినా సరే, నాకు ఫోన్ చేసి అడిగాకే పంపండి’ అని ఆయన అందరి ముందు చెప్పాలి. ఆ తరువాత నిజంగానే ఎవరైనా ఫోన్ చేసి అడిగినప్పుడు విసుక్కోకూడదు. ఒక్కసారి విసుక్కున్నా ఆ మాటకు ఇక విలువ ఉండదు.

లెక్కలగది (గుంటూరు):
మూడు వారాల తరువాత రాస్తున్నాను. మా యజమాని అకౌంట్స్ గదికి వచ్చి, మీరు చెప్పిన మాటే నిలబడి చెప్పారు. మొన్న శనివారం ఆయన నిజంగానే తిరుపతి నుంచి ఒక చెల్లింపు కోసం సందేశం పెడితే, మా క్యాషియర్ డబ్బు పంపకుండా ఫోన్ చేశాడు. ఆయన దర్శనం క్యూలో ఉన్నారు. ఫోన్ తిరిగి చేయడానికి రెండున్నర గంటలు పట్టింది, అంతవరకు చెల్లింపు ఆగింది. సోమవారం ఆయన రాగానే ముందు ఆ అబ్బాయి బల్ల దగ్గరికే వెళ్లారు.