పైన్‌ఫోన్ నుంచి ఇంటి ప్రింటర్‌కు నెట్‌వర్క్ మీద ప్రింట్ పంపడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా దగ్గర పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ (ఫోన్ల కోసం చేసిన లినక్స్), ఫాష్ (దాని మీద నడిచే తెర ఇంటర్‌ఫేస్)తో నడిచే పైన్‌ఫోన్ ఉంది. ఇంట్లో హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్‌ను డెబియన్ లినక్స్ ఉన్న పాత డెస్క్‌టాప్‌కు యూఎస్‌బీ కేబుల్‌తో కలిపాను. ఆ కంప్యూటర్ నుంచి ప్రింట్లు చక్కగా వస్తున్నాయి. ఫోన్‌లో మాత్రం పీడీఎఫ్ తెరిచి ప్రింట్ నొక్కితే ‘ఫైల్‌గా ముద్రించు’ అన్న ఒక్క ఎంపికే కనిపిస్తోంది. రెండూ ఒకే వైఫై రౌటర్ మీద ఉన్నాయి. ఫోన్‌లోనూ ఆ ప్రింటర్ డ్రైవర్ ఎక్కించుకోవాలా?

ఇంకో సంగతి. నేను వేరే ఊళ్లో ఉన్నప్పుడు మందుల చీటీ, కరెంటు బిల్లు లాంటి కాగితాలను ఫోన్ నుంచే ఇంటి ప్రింటర్‌కు పంపగలిగితే, అమ్మానాన్నలకు ఎండలో జిరాక్స్ షాపు దాకా వెళ్లే పని తప్పుతుంది. అందుకు రౌటర్‌లో ఏ పోర్టు తెరవాలో కూడా దయచేసి చెప్పండి.

సమాధానం 1

ఫోన్‌లో డ్రైవర్ అవసరం లేదండీ. ఎక్కించే ప్రయత్నం కూడా చేయవద్దని నా సలహా. 1020కి పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ వంటి పేజీ భాషలు రావు. పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చి అందించే బాధ్యత కంప్యూటర్‌దే. పైగా దాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్‌ను (ప్రింటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను) పంపాలి. ఈ పనులన్నీ మీ డెబియన్ యంత్రం ఇప్పటికే చేస్తోంది కాబట్టి, ఫోన్ చేయవలసిందల్లా పీడీఎఫ్‌ను దాని చేతిలో పెట్టడమే.

ముందుగా డెస్క్‌టాప్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 631 పోర్టు మీద (localhost:631) కప్స్, అంటే లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే ప్రోగ్రామ్, పేజీని తెరిచి, నిర్వహణ విభాగంలో ఈ కంప్యూటర్‌కు కలిపిన ప్రింటర్లను ఇతరులతో పంచుకునే గడిని టిక్ చేయండి. ఆ తరువాత మీ ప్రింటర్ సొంత పేజీలో కూడా పంచుకోవడం ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలామంది ఈ రెండో చోటును వదిలేస్తారు. ఫైర్‌వాల్ పెట్టుకుని ఉంటే టీసీపీ 631ని ఇంటి నెట్‌వర్క్ వరకే అనుమతించండి.

ఫోన్‌లో కప్స్ సర్వర్ నడపనక్కరలేదు, క్లయింట్ ప్యాకేజీ చాలు. ఈటీసీ డైరెక్టరీలోని కప్స్ ఫోల్డర్‌లో క్లయింట్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్‌ను తెరిచి, ‘సర్వర్‌నేమ్’ అన్న పదం పక్కన డెస్క్‌టాప్ ఐపీ చిరునామా రాసి భద్రపరచండి. ప్రోగ్రామ్‌ను మూసి మళ్లీ తెరిస్తే ప్రింట్ పెట్టెలో డెస్క్‌టాప్‌లోని ప్రింటర్ క్యూ (ప్రింట్ల వరుస) పేరు కనిపించాలి.

ఇక్కడ పేరు కాకుండా ఐపీ చిరునామా రాయమనడానికి కారణం ఉంది. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌కు ఆధారం ఆల్పైన్ లినక్స్, అందులో ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల సీ లైబ్రరీ ఎక్కువ లినక్స్‌లలో ఉండే గ్లిబ్‌సీ కాదు, మజల్. డాట్ లోకల్‌తో ముగిసే పేర్లను వెతికిపెట్టే ఎన్ఎస్ఎస్ ప్లగిన్ మజల్‌లో పనిచేయదు. అందువల్ల ప్రింటర్ ఉన్నట్టు అవాహీకి (నెట్‌వర్క్‌లోని పరికరాలను కనిపెట్టే సేవకు) తెలిసినా, ప్రింట్ పంపేటప్పుడు ఆ పేరుకు చిరునామా దొరక్క పని ఆగిపోవచ్చు. రౌటర్‌లో డెస్క్‌టాప్‌కు ఒకే చిరునామా దక్కేలా రిజర్వ్ చేసుకుంటే ఇక ఆ ఫైల్‌ను ముట్టుకోనక్కరలేదు.

సమాధానం 2

రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. దయచేసి 631 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకండి. 2024 సెప్టెంబరులో బయటపడిన కప్స్ లోపాలు గుర్తుండే ఉంటాయి: కప్స్-బ్రౌజ్డ్ అనే సేవ యూడీపీ 631 మీద ఎవరు పంపిన సమాచారాన్నయినా నమ్మి లేని ప్రింటర్‌ను జాబితాలో చేర్చేది, ఆ ప్రింటర్‌కు ఎవరైనా ప్రింట్ పంపితే దాడి చేసినవారి ఆదేశం ఆ కంప్యూటర్‌లో నడిచేది. ఆ లోపాలను సరిచేశారు కానీ, ప్రింట్ సర్వర్‌ను వీధిలోకి తెరిచి ఉంచడం ఎప్పటికీ మంచి ఏర్పాటు కాదు.

వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు గుప్తంగా చేరే దారి) వాడండి. అది 2020లోనే లినక్స్ 5.6 కెర్నల్‌లో చేరింది కాబట్టి ఫోన్‌లో ఇబ్బంది ఉండదు. రౌటర్‌లో దాని కోసం ఒక్క యూడీపీ పోర్టు తెరిస్తే చాలు. సరైన తాళంచెవి లేనివారు పంపే ప్యాకెట్లకు అది బదులే ఇవ్వదు. మీ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ చిరునామా లేకుండా సీజీనాట్ (ఒకే పబ్లిక్ చిరునామాను చాలామంది వినియోగదారులకు పంచే ఏర్పాటు) వెనుక ఉంటే పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. అప్పుడు ఐపీవీ6 గానీ, ఫోనూ డెస్క్‌టాపూ రెండూ చేరుకోగల చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకునే సర్వర్) గానీ కావాలి.

వైర్‌గార్డ్ కలిశాక కూడా కప్స్ ‘ఫర్‌బిడెన్’ అని తిప్పి పంపుతుంది. ఎందుకంటే పంచుకునే గడిని టిక్ చేసినప్పుడు కప్స్ స్థానిక నెట్‌వర్క్‌లను మాత్రమే అనుమతిస్తుంది, వైర్‌గార్డ్ లాంటి పాయింట్-టు-పాయింట్ ఇంటర్‌ఫేస్‌లను స్థానికం కింద లెక్కించదు. కప్స్‌డీ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో మూల లొకేషన్ విభాగం (<Location />) కింద మీ వైర్‌గార్డ్ చిరునామాల శ్రేణికి ప్రత్యేకంగా ‘అలౌ’ పంక్తి చేర్చి, కప్స్‌ను మళ్లీ మొదలుపెట్టండి. ఫోన్‌లోని సర్వర్‌నేమ్‌లో కూడా డెస్క్‌టాప్ వైర్‌గార్డ్ చిరునామానే రాసుకుంటే, ఇంట్లో ఉన్నా బయట ఉన్నా అదే అమరిక సరిపోతుంది. మీరు పంపే సమయానికి డెస్క్‌టాప్ ఆన్‌లో ఉండాలి. ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నా ఫరవాలేదు, పెద్దవాళ్లు వీలు చూసుకుని ఆన్ చేసేదాకా పని క్యూలో వేచి ఉంటుంది.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంటి వైఫై మీద పీడీఎఫ్ వెంటనే వచ్చింది. వైర్‌గార్డ్ పని ఈ ఆదివారం చేస్తాను. అయితే తెలుగులో రాసుకున్న టెక్స్ట్ ఫైల్‌ను టెర్మినల్‌లో ఎల్‌పీ ఆదేశంతో పంపితే ఒత్తులు, గుణింతాలు అక్షరాల నుంచి విడిపోయి వచ్చాయి. ‘రాష్ట్రం’ అన్న మాట చదవడానికే వీలుకాలేదు. ఫాంటు లోపమా?

సమాధానం 1

ఫాంటు మార్చినా తేడా ఉండదు. ఉత్త టెక్స్ట్ పంపినప్పుడు దాన్ని పేజీగా మార్చేది డెస్క్‌టాప్‌లోని కప్స్ ఫిల్టర్. అది యూనికోడ్ గుర్తులను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుందే తప్ప, ష, ట, ర లను కలిపి ఒక్క సంయుక్తాక్షరంగా అమర్చే పని చేయదు. ఇంగ్లీషుకు ఈ లోటు తెలియదు, మన లిపి మాత్రం పూర్తిగా చెదిరిపోతుంది. ఫోన్‌లోని ఎడిటర్‌లో ఆ ఫైల్‌ను తెరిచి అక్కడి నుంచే ప్రింట్ చేయండి. అప్పుడు హార్ఫ్‌బజ్ (లిపిని సరిగా అమర్చే లైబ్రరీ) అక్షరాలను సరిగా కలుపుతుంది, ఫాంటు కూడా పీడీఎఫ్‌లోనే ఇమిడి వెళుతుంది; డెస్క్‌టాప్‌లో తెలుగు ఫాంటు లేకపోయినా ఫరవాలేదు.

వైర్‌గార్డ్ పెట్టాక ఒకటి గమనించండి. ఫైల్ పూర్తిగా డెస్క్‌టాప్‌కు చేరేలోపు ఫోన్ నిద్రలోకి జారితే పని మధ్యలో తెగిపోతుంది. చేరిపోయాక ఫోన్ ఆపేసినా ప్రింట్ వస్తుంది. అందుచేత పెద్ద ఫైళ్లు పంపేటప్పుడు ఆటోమేటిక్ సస్పెండ్‌ను ఆపి ఉంచి, ఎల్‌పీస్టాట్ (క్యూను చూపే ఆదేశం)లో పని క్యూలో చేరినట్టు కనిపించాక మళ్లీ ఆన్ చేసుకోండి.