ఎగదన్నడంలో తన్నేది ఎవరు?

మా అత్తయ్యకి మొన్న ఎండోస్కోపీ చేయించాం. రిపోర్టులో బైల్ రిఫ్లక్స్ అని రాశారు. అక్కడిచ్చిన కరపత్రంలో దానికి తెలుగు "పైత్యరస తిరోగమనం". చదివి వినిపిస్తే ఆవిడ "అదేం రోగమే, నాకు పసరు ఎగదన్నుతోంది, అంతే" అన్నారు. ఎగదన్నడం రాతలో వాడొచ్చా, మరీ మోటుగా ఉంటుందా?

• నిక్షేపంగా వాడండి. ఎగ + తన్ను. దుఃఖం ఎగదన్నుకొచ్చింది అని రాయట్లేదూ? నన్నడిగితే తిరోగమనం కన్నా ఇదే నయం, ఎందుకంటే పైత్యరసం తనంతట తాను వెనక్కి నడిచి రాదు, కండరం తన్నాలి. పైత్యరసం పడేది జఠరం కింది గుమ్మం దాటాక, ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదట్లో. జఠరం కింది భాగం నిమిషానికి 3 సార్లు ముడుచుకుంటే ఆంత్రమూలం 11, 12 సార్లు ముడుచుకోగలదు. ఈ రెండూ, మధ్యలో గుమ్మం కండరమూ ఒక తాళంలో ఉన్నంతసేపు సరుకు కిందికే పోతుంది, తాళం తప్పి గుమ్మం వదులుగా ఉన్నప్పుడు ఆంత్రమూలం ముడుచుకుందా, పసరు పైకి చిమ్ముతుంది. పరగడుపున అయితే గంటన్నర, రెండు గంటలకోసారి పేగుని ఊడ్చే అల ఒకటి వస్తుంది, దాని చివర్లో ఆంత్రమూలం కాసేపు ఎదురు దిక్కుకే ముడుచుకుంటుంది. కాబట్టి కొంచెం పసరు అందరికీ వస్తుంది. వచ్చినదాన్ని జఠరం మళ్లీ కిందికి నెట్టలేక నిలవ ఉంచుకుంటేనే లోపలి పొర ఒరుసుకుపోయేది.

ఇక వాంతి సంగతి వేరు. డోకు రాకముందే చిన్నపేగు నడిమి నుంచి ఒక పెద్ద ముడుపు జఠరం దాకా వెనక్కి పరిగెడుతుంది. ఖాళీ కడుపుతో కక్కితే చివరికి పచ్చటి చేదు వచ్చేది అందుకే. అసలైన తన్నంటే అదీ! (పసికందు పచ్చగా కక్కితే మాత్రం మాటల గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తండి, పేగు మెలిక పడి ఉండొచ్చు.)

• ఒక్క చిక్కుందండీ. మనం ఎగదన్నింది అనేది గొంతులోకి వచ్చినదాన్ని. అది జఠరానికీ అన్నవాహికకీ మధ్య ఉన్న పై గుమ్మం గొడవ. రిపోర్టులో ఉన్నది కింది గుమ్మం గొడవ, అది చాలామందికి తెలియనే తెలియదు. తెలియనిదానికి జనం మాట ఎందుకు పుట్టిస్తారు? నేనైతే "ఎగపోటు" అంటాను. గోదావరి పొంగితే కూనవరం దగ్గర శబరి నీళ్లు కలవలేక వెనక్కెక్కి చింతూరు మునుగుతుంది కదా, పేపర్లలో దాన్ని ఎగపోటు అనే రాస్తారు. పైత్యం ఎగపోటు. నామవాచకం కూడా దొరికింది.

• బాగుంది గానీ, శబరిని ఎవరూ తన్నట్లేదు సార్, అక్కడ పని చేసేది నీటిమట్టం. కండరం ఊసే లేకుండా పోయింది.

• అత్తయ్యకి ఎగపోటు చెప్పి చూశాను. "కూనవరంలో గేటు లేదు, నాకు ఉందిగా, అది సరిగ్గా పడట్లేదని చెప్పు" అన్నారు. రిపోర్టు మీద పెన్సిల్‌తో "పసరు ఎగదన్నడం, కింది గేటు" అని రాసుకున్నాను.